గడ్డి యిల్లు కచ్చాయట!

ఒక జాతి చేతినుండి ఒక విద్యను లాగివేయవలెనన్న ఆయుధము లక్కరలేదు. దానికొక నీచనామము పెట్టిన చాలును. ఆ పేరును ఆ జాతియే నేర్చుకొని తన నోటితో తానే పలుక నారంభించిన నాడు ఆ విద్య తనంత తానే చచ్చును. "కచ్చా" యనునది మన గృహనిర్మాణవిద్య పాలిటి కట్టి పదము.

ప్రభుత్వమువారి దస్త్రములు చూడుడు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో గడ్డి, ఆకు, రెల్లు, వెదురు, మట్టి, పచ్చియిటుక మున్నగు వానితో గోడలును కప్పును గల యిండ్లన్నియు "తాత్కాలికము"లను వర్గములో చేరినవి. అదే యేట నారంభమైన సాంఘికార్థిక కులగణనయందు కచ్చా గోడలును కచ్చా కప్పును గల ఒంటిగది యిల్లు దారిద్ర్యలక్షణములలో మొదటిదిగా పరిగణింపబడినది. 2016లో మొదలైన గ్రామీణ గృహపథకము సైతము ఈ కొలబద్దనే చేతబట్టినది. అనగా, ఇల్లు చల్లగా నున్నదా, వానకు నిలుచునా, గాలికి నిలుచునా యను ప్రశ్న యెవ్వరు నడుగలేదు. దేనితో కట్టినదను ప్రశ్న యొక్కటే యడిగిరి. సిమెంటైన పక్కా, గడ్డియైన కచ్చా. తీర్పు ముందే వ్రాసియుంచి విచారణకు కూర్చుండిన న్యాయాధికారి వంటిది గదా యీ వరుస!

మా వాదమును మొదటనే స్పష్టముగ చెప్పెదము. ఇంటి వెల కట్టిన దినముతో తీరునది కాదు. అది ముప్పది, నలువది, ఏబది యేండ్లు నెలనెలకును చెల్లించు వెల. ఆ దీర్ఘకాలపు లెక్కను తీసినచో, గడ్డితోను మట్టితోను శాస్త్రీయముగ కట్టిన యిల్లు సిమెంటు శ్లాబు కంటె చౌక, దేహమునకు హితము, దేశమునకు లాభము. ఈ లెక్కను ప్రజలకు చూపకుండ "పక్కా" యను బిరుదమును శ్లాబునకే ధారపోయుట అన్యాయము. ఆ యన్యాయమును భారముగ మోయువాడు ధనికుడు కాడు, పేదవాడు.

భీమునిపట్నమునే తీసికొందము. ఒల్లందావారు పదునేడవ శతాబ్దమున వర్తకమునకై దిగిన రేవు ఇది. 1861లోనే పురపాలక సంఘమేర్పడిన పట్టణమిది. గోస్తనీ నది సముద్రమున గలియు ఈ తీరమునుండి ఉత్తరముగ శ్రీకాకుళము సీమవరకు మన పెద్దలు కట్టుకొనిన యిల్లేది? చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడ, దానిపై గోపురమువలె లేచి, చూరు నేలకు దాదాపు తాకునట్లు దిగు తాటాకు లేక గడ్డికప్పు. ఆ రూపము పామరుని చేతకానితనము వలన పుట్టినది కాదు. గుండ్రని గోడకు మూల లేదు. మూల లేనిచోట గాలికి పట్టు దొరకదు. వాలు కప్పుమీద తుపాను గాలి కొట్టినను జారిపోవును. క్రిందికి దిగిన చూరు మధ్యాహ్నపు టెండను గోడను తాకనీయదు. వానజల్లును మట్టిని కరగనీయదు. ఆ యాకుల సందులలో నిలిచిన గాలియే యింటికి గొడుగు. ఏ యింజనీరింగు కళాశాలయు లేని కాలమున, ఈ తీరపు గాలిని, ఉప్పును, ఎండను, వానను తరతరములుగ పరికించి కూర్చిన శాస్త్రమది. నేడట్టి యిండ్లు వ్రేళ్లమీద లెక్కపెట్టవలసిన దశకు వచ్చుచున్నవి. వానిని కట్టెరిగిన చేతులు అంతకంటెను తక్కువ.

వాని స్థానమున నేమి వచ్చినది? నాలుగంగుళముల సిమెంటు శ్లాబు. అది ఉదయము మొదలు సాయంకాలము వరకు సూర్యుని వేడిమిని గ్రహించి దాచుకొనును. రాత్రి మనము నిద్రించు వేళ ఆ నిలువను మన నెత్తిమీద కుమ్మరించును. కోస్తా తీరమున మే మాసపు రాత్రియే చల్లనిది కాదు. గాలిలో తేమ దండిగ నుండుటచే చెమట ఆరదు. ఇట్టి చోట పైకప్పే కుంపటియైన నిద్ర యెక్కడిది? పంకా తిరిగినను అది ఆ వేడిగాలినే త్రిప్పి కొట్టును. కొంత కలిగినవాడు ఏ.సి. యంత్రమును కొనును. లేనివాడు శ్లాబు క్రింద ఉడికిపోవును. లేదా చాప చంకబెట్టుకొని వీధిలో పండుకొనును. పక్కా యింటి యజమాని వీధిలో పండుకొనవలసి వచ్చుట ఎంతటి పరిహాసము!

ఇక లెక్క. ఒక చిన్న ఏ.సి. యంత్రము గంటకొక యూనిట్టు విద్యుచ్ఛక్తిని తినుననుకొందము. రాత్రి కెనిమిది గంటలు, వేసవిలో 120 దినములు. ఏటికి 960 యూనిట్లు. ముప్పది యేండ్లకు 28,800 యూనిట్లు. ఈ విద్యుత్తు ఆకాశమునుండి ఊడిపడదు. విశాఖకు దక్షిణమున పరవాడవద్ద 2,000 మెగావాట్ల సింహాద్రి కేంద్రము బొగ్గును కాల్చుచున్నది. ఆ బొగ్గు ఒడిశా తాల్చేరు గనులనుండి రైళ్లపై వచ్చుచున్నది. యూనిట్టుకు సుమారు 0.7 కిలో బొగ్గనుకొనినను, ఒక్క గది చల్లదనమునకు ముప్పదేండ్లలో ఇరువది టన్నుల బొగ్గు! గడ్డికప్పును గడ్డిగోడయు ఆ ఖర్చులో సగము తగ్గించునని మేము గొప్పలకు పోము. తేమను తీయుటకు యంత్రము పడు శ్రమ గోడవలన తగ్గదని మే మెరుగుదుము. మూడవ వంతు మాత్రమే తగ్గిన దనుకొందము. అప్పటికిని యింటికి 9,600 యూనిట్లు, ఆరున్నర టన్నులకు పైగా బొగ్గు మిగిలినట్లే. వేయి యిండ్లకు ఆరు వేల అయిదు వందల టన్నులకు పైబడిన బొగ్గు. యంత్రము లేని పేదవానికి మిగులునది బొగ్గు కాదు, నిద్ర. దానికి టన్నులలో కొలత లేదు గనుక ఏ దస్త్రములోను అది కెక్కదు.

గడ్డికి ఈ గుణ మెట్లు వచ్చినదందురా? గడ్డిపోచ లోపల గుల్ల. పోచకును పోచకును నడుమ నిలిచిన గాలియే వేడిమిని అడ్డగించును. కాల్చిన యిటుక వేడిమిని ప్రసరింపజేయు శక్తిలో గట్టిగ నొత్తికట్టిన గడ్డికి ఇంచుమించు పదవ వంతు మాత్రమే యున్నది. తొమ్మిదంగుళముల యిటుకగోడకును, అడుగున్నర మందముగల గడ్డి కట్టల గోడకును పోల్చిచూచిన, రెండవదానిగుండ లోనికి వచ్చు వేడిమి పది రెట్లకు మించి తక్కువ. అదియు గాక, ఇటుకను బట్టీలో కాల్చవలెను. సిమెంటును 1,450 డిగ్రీల కొలిమిలో పుట్టింపవలెను. ప్రపంచమున మానవుడు గాలిలోనికి వదలు బొగ్గుపులుసు వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్లు సిమెంటు పరిశ్రమదేయని శాస్త్రజ్ఞుల గణన. గడ్డికి కొలిమి యేది? సూర్యుడే. అది పెరుగునపుడు గాలినుండి ఆ వాయువును పీల్చి తనలో దాచుకొనును. గోడలో నున్నంత కాలము దానిని విడువదు.

"ఇది మన పల్లెటూరి పిచ్చి" యను నాగరికులకు పశ్చిమమునుండియే సాక్షులను పిలిచెదము. వారికి ఆ సాక్ష్యమే రుచించును గనుక. అమెరికాలో నెబ్రాస్కా యిసుకదిబ్బల సీమ చెట్టులేని దేశము. పందొమ్మిదవ శతాబ్దాంతమున గుఱ్ఱములచే లాగింపబడు కట్టల యంత్రము రాగా, అచ్చటి రైతులు గడ్డి కట్టలనే యిటుకలవలె పేర్చి యిండ్లు కట్టిరి. అక్కడి ఆర్థరు గ్రామమున 1928లో గడ్డి కట్టలతో కట్టిన దేవాలయము నేటికిని నిలిచియున్నది. ఫ్రాన్సు దేశమున మాంటార్జీ పట్టణమందు 1920లో ఫెయెట్టు కట్టిన గడ్డి కట్టల యిల్లు నూరేండ్లు దాటియు చెక్కుచెదరలేదు. మన పొరుగు పాకిస్తానులో 2005 అక్టోబరు భూకంపము తరువాత గడ్డి కట్టలతో చౌకయిండ్లను కట్టిరి. ఆ నమూనా నొకదానిని 2009లో అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయమున కంపనవేదిక మీదికెక్కించి ఊపి చూడగా అది కూలలేదు. 2015 నాటి అమెరికా గృహనిర్మాణ నియమావళిలో గడ్డి కట్టల గోడలకు ప్రత్యేకానుబంధమే చేరినది. వారి దేశమున నియమావళి కెక్కిన పదార్థము మన దేశమున దారిద్ర్యచిహ్నము! నూరేండ్లు నిలిచినది తాత్కాలికమట. ఉప్పుగాలికి లోపలి యినుము తుప్పుపట్టి, పెచ్చులూడి, ముప్పదేండ్లు తిరుగకుండ నెత్తిన పడు సముద్రతీరపు శ్లాబు శాశ్వతమట!

ప్రతిపక్షుల యాక్షేపణలను దాటిపోవు అలవాటు మాకు లేదు.

"గడ్డి కాలిపోవును గదా" యందురు. వదులుగ పరచిన గడ్డి కాలును, కాదనము. ఎన్ని పల్లెలు ఒక్క నిప్పురవ్వకు బూడిదయైనవో ఆంధ్రదేశమున నెవ్వ రెరుగరు? కాని గట్టిగ నొత్తికట్టి రెండువైపుల మట్టితోనో సున్నముతోనో మెత్తిన కట్టలలో గాలికి చోటు లేదు; గాలి లేనిచోట మంట నిలువదు. అమెరికాలో జరిపిన పరీక్షలలో మట్టిపూత గల గడ్డిగోడ ఒక గంటసేపును, సిమెంటుపూత గలది రెండు గంటలును అగ్నికి తాళినవి. కప్పు మాట వేరు. దానికి మట్టిపూత, వంటశాలకు వేరు కప్పు, యిండ్ల నడుమ ఎడము అవసరములు. రూర్కీలోని కేంద్ర గృహనిర్మాణ పరిశోధనాలయమువారు గడ్డికప్పునకు నిప్పంటకుండ పూతలను, వానకు కరగని మట్టిపూతను ఎన్నడో కనిపెట్టిరి. ఆ విద్య గ్రంథాలయపు బీరువాలలో నిద్రించుచుండ, కాలిన గుడిసె ముందు నిలిచి నష్టపరిహారపు కాగితమును పంచుట మన పరిపాలన!

"చెదలు, తేమ" యందురు. ఇది గట్టి యాక్షేపణ. భీమునిపట్నమువంటి తేమ తీరమున గడ్డి కట్టల గోడను నెబ్రాస్కాలో వలె కట్టిన చెడును. తడి నూటికి ఇరువది పాళ్లు మించిన గడ్డి కుళ్లును. అందుచే మోకాలెత్తు రాతి అరుగు కావలెను. నాలుగడుగుల చూరు కావలెను. లోని తేమను బయటికి పోనిచ్చు మట్టిపూతగాని గుల్లసున్నపు పూతగాని కావలెను. గడ్డిగోడకు మందముగ సిమెంటు పూసి నీటిని లోపల బంధించుట దానిని చంపుటయే. ఇవన్నియు చుట్టిల్లు కట్టిన తాతలకు తెలిసినవే గదా! గోడకు గడ్డి కట్టలు తగని చోట మట్టిగోడ కట్టి, కప్పునకు మాత్రము గడ్డి వేయుడు. ఇదివరకే శ్లాబున్న చోట దానిపై ఎడమిచ్చి తాటాకు పందిరి వేయుడు. మన వేడిమికి ముఖ్యద్వారము గోడ కాదు, కప్పు. కప్పును గెలిచినవాడు వేసవిని గెలిచినట్లే.

"తుపాను వచ్చిన?" యందురు. 2014 అక్టోబరు 12వ తేదీని విశాఖవాసి యెట్లు మరచును? హుద్‌హుద్ గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగమున విరుచుకుపడినది. పూరిళ్లు కూలినవి, నిజమే. విమానాశ్రయపు కప్పు మాత్రము నిలిచినదా? అద్దాల మేడల అద్దములు మిగిలినవా? రోజులతరబడి విద్యుత్తు లేని ఆ నగరమున ఏ.సి. మేడలకును పేదల గదులకును భేదము లేకపోయినది.  గాలికి కూలినది గడ్డి కాదు, కట్టు. బాగుగ కట్టని కప్పు రేకుదైనను ఎగిరిపోవును. మోకులతో గోడకును నేలకును బిగించిన కప్పు గడ్డిదైనను నిలుచును. కట్టువిద్యను చంపి, కట్టు నిలువలేదని గడ్డిని నిందించుట న్యాయమా?

చివరి యాక్షేపణ యన్నింటికంటె లోతైనది. "గడ్డి యిల్లు మాకు అవమానము. తరతరములు దానిలో మ్రగ్గితిమి; ఇప్పుడు మేడలలోని మీరు వచ్చి గడ్డి గొప్పదనము బోధింతురా?" అని పేదవాడడుగును. ఆ ప్రశ్న ముందు మేము తలవంచెదము. కారు గుడిసెలో తడిసిన పుస్తకములు, కాలిన ధాన్యము, ఏటేట కప్పు కప్పించుకొనలేని కూలి బ్రతుకు — ఇవి అతని అనుభవములు. వానిని ఏ శాస్త్రముతోను కప్పిపుచ్చరాదు. కాని అవమానము గడ్డిలో లేదు. పేదవానికి మాత్రమే గడ్డిని కేటాయించిన సంఘములో నున్నది. అందుచే మా మాట యిది: ముందు గడ్డియిల్లు కట్టవలసినది పేదవాడు కాదు, ప్రభుత్వము. తహసీలుదారు కచేరి, పాఠశాల, పఠనమందిరము, అతిథిగృహము గడ్డికప్పు క్రిందికి రానిండు. అధికారి కూర్చున్న చోట గౌరవము తానే వచ్చి కూర్చుండును. 1936లో సేవాగ్రామమునకు చేరిన గాంధీమహాత్ముడు మట్టిగోడల కుటీరమున నివసించి దేశపు పెద్దలనందరిని అక్కడికే రప్పించుకొనెను. ఆ మట్టిగోడను చూచి "కచ్చా" యనుటకు వైస్రాయికైనను నోరాడినదా?

ప్రభుత్వపు రెండు నాలుకలను గూడ చూడుడు. 2018లో కేంద్రము నివాసగృహములకై "ఎకో నివాస్ సంహిత"ను వెలువరించినది. ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరు కప్పుగుండ 1.2 వాట్లకు మించిన వేడిమి యింటిలోనికి పోరాదని అందులో విధించినది. బాగు! ఉత్త శ్లాబు ఆ పరిమితికి దాదాపు మూడింతల వేడిమిని లోనికి విడుచును. అడుగు మందపు గడ్డికప్పు ఆ పరిమితికి ఎంతో లోపలనే యుండును. అనగా ప్రభుత్వపు కొలబద్దతో కొలిచినను గడ్డియే పక్కా, శ్లాబే కచ్చా! కాని ఆ నియమమెవ్వరికి? 500 చదరపు మీటర్లును, అంతకు మించినదియు స్థలము గలవారికి. 2020లో మన రాష్ట్రమున పేదలకు పంచిన స్థలము పట్టణమున ఒక సెంటు, గ్రామమున సెంటున్నర. సెంటన్న నలువది చదరపు మీటర్లు. కలవానికి చల్లదనము శాసనము. లేనివానికి శ్లాబు వరము. వేడిమి తగ్గించు చట్టము వేడిమి బాధ నెక్కువగ ననుభవించువాని గడప దాకనే పోలేదు.

జె. సి. కుమారప్ప 1945లో వెలువరించిన శాశ్వతార్థిక విధానమును గూర్చిన గ్రంథమున ప్రకృతిసంపదను రెండు విధములుగ విభజించెను. ఒకటి గనులలోని బొగ్గు, చమురు, లోహముల వంటి తరిగిపోవు నిలువ. రెండవది పంటవలె ఏటేట తిరిగి వచ్చు ప్రవాహము. నిలువపై బ్రదుకు జాతి నిలువ తరిగిన నాడు తగవులాడును. ప్రవాహముపై బ్రదుకు జాతి శాంతితో బ్రదుకును అని ఆయన తాత్పర్యము. శ్లాబు నిలువ, గడ్డి ప్రవాహము. టన్ను ధాన్యమునకు టన్నుకు తక్కువ కాని గడ్డి మన పొలములలో ఏటేట పుట్టుచున్నది. ఉత్తరాంధ్రమున అది పశువుల పాలు; దానిని వాని నోటినుండి లాగుకొనుమని మేము చెప్పము. కాని కోతయంత్రము నడచిన డెల్టా పొలములలో ఎంత గడ్డి వట్టి మంటల పాలగుచున్నదో రైతులే యెరుగుదురు. కట్టలు కట్టు యంత్రములు నేడు మన పొలములలోనే తిరుగుచున్నవి. కాలి పొగయగు గడ్డిని గోడగ నిలుపుట కంటె దేశసేవ మరేమున్నది?

ఇంతకును మేము కోరునదేమి? నాలుగు విషయములు.

మొదటిది, గణాంకములనుండి "కచ్చా, పక్కా" భేదమును పదార్థమును బట్టి గాక గుణమును బట్టి నిర్ణయింపుడు. వానకు కారనిది, గాలికి లేవనిది, నిప్పుకు తాళునది, వేసవిలో ఉడకనిది పక్కా; అది దేనితో కట్టినను సరే. రెండవది, గృహపథకముల ధనమును, బ్యాంకుల అప్పును శాస్త్రీయమైన మట్టియిల్లు, గడ్డికప్పు కట్టుకొను వానికిని నిరాటంకముగ నీయుడు. మూడవది, చుట్టిల్లు కట్టెరిగిన వృద్ధులను ఉపాధ్యాయులుగ నియమించి, నెలవేతనమిచ్చి, పారిశ్రామిక శిక్షణాలయములలో ఆ విద్యను నేర్పింపుడు. వారు పోయిన తరువాత ఏ నిధియు ఆ విద్యను తిరిగి కొనిరాజాలదు.

నాలుగవది, భీమునిపట్నమునకే. మహావిశాఖ నగరపాలక సంస్థవారు ఈ పట్టణమున ఒకే కొలతలతో రెండు పఠనమందిరములు కట్టింపవలెను: ఒకటి శ్లాబుతో, వేరొకటి రాతి అరుగు, మట్టిగోడ, గడ్డికప్పుతో. రెంటికిని వాకిట నొక ఉష్ణమాపకము, ఒక విద్యుత్తు మీటరు, మరమ్మతు ఖర్చుల పలక వ్రేలాడదీయవలెను. మూడు వేసవులు ప్రతి వారము ఆ యంకెలు ప్రజల కండ్లముందు నుండవలెను. మేము చెప్పినది తప్పైన ఆ పలకయే చెప్పును. నిజమైన, ఏ గదిలో కూర్చుండి ఈ పత్రిక చదువవలెనో పాఠకులు తమ కాళ్లతోనే తీర్పు చెప్పుదురు. ఇంత చిన్న పరీక్షకు సైతము వెనుదీయు ప్రభుత్వము కచ్చా పక్కాలను గూర్చి తీర్పు చెప్పు అధికారమును కోల్పోయినట్లే.

విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని 1966లో ఈ జనులే గొంతెత్తిరి, ఉక్కును సాధించిరి. ఉక్కు కావలసిన చోట ఉక్కు కావలసినదే. ఓడకు, రైలునకు, వంతెనకు గడ్డి చాలదు. కాని నిద్రించు గదికి నెత్తిన ఉక్కు శ్లాబే కావలెనను మూఢవిశ్వాసము ఆనాటి ఉద్యమమునకు వారసత్వము కాదు. స్వాతంత్ర్యము వచ్చి యెన్నో యేండ్లాయెను. మన మనస్సుల కప్పుమీద ఇంకను పరులు పోసిన శ్లాబే యున్నది. పగలంతయు వేడెక్కి రాత్రి మనలను కాల్చుచున్నది. ఆంధ్ర సోదరులారా! దానిని పగులగొట్టుటకు సుత్తె యక్కరలేదు. "గడ్డి యిల్లు కచ్చా" యను మాటను ఎవ్వడనినను, ఆ మాటకు లెక్క చూపుమని అడుగుడు. అంతియే చాలును.